పందొమ్మిది మందికి ఒకే తప్పు

సోమవారం సాయంత్రం, డీఎన్ఏ పరీక్షలు చేసే ల్యాబులో కత్తెర అనే ఆమె తన కంప్యూటరు ముందు బిగుసుకుపోయి కూర్చుంది. జీర్ణాశయానికి కేన్సర్ తెచ్చిపెట్టే లోపం ఒకటి ఆమె ఆడపడుచు చిట్టి డీఎన్ఏలో ఉందని మూడు నెలల కిందట ఈ ల్యాబే రాసిచ్చింది. జబ్బు రాకముందే జీర్ణాశయం మొత్తం తీయించుకోవడం మేలని డాక్టర్లు చెప్పారు. వాళ్ళమ్మ పోయింది ఆ జబ్బుతోనే కనుక ఇంట్లో ఎవరూ మారుమాట్లాడలేదు. కానీ అదే లోపం, అదే చోట, తొమ్మిది వారాల్లో పందొమ్మిది మందికి ఉన్నట్టు పాత రిపోర్టుల్లో కనబడేసరికి కత్తెరకు అనుమానం తగిలింది. ఏడాదికి ఒకరిలో కనబడితేనే ఎక్కువ అనుకునే లోపం అది. చిట్టి ఫైలును ప్రోగ్రాములో మళ్ళీ ఒకసారి నడిపించి చూసింది. లోపం లేదు.

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ల్యాబులో లేరు. పదకొండేళ్ళుగా చేసేది కత్తిరింపే కనుక కత్తెర అయిపోయింది. మనిషి డీఎన్ఏను చిన్నచిన్న ముక్కలు చేసి, యంత్రం పట్టుకోవడానికి వీలుగా ప్రతి ముక్క కొసకూ అడాప్టరు అనే కృత్రిమమైన తోక అంటిస్తారు. ముక్క పొట్టిదైతే యంత్రం దాన్ని చదివేసి, అక్కడ ఆగకుండా ఆ తోకనూ చదివేస్తుంది. ఆ తోక అక్షరాలను కోసి పారేయాలి. కోయకపోతే మనిషివి కాని అక్షరాలు మనిషి ఖాతాలో పడతాయి. అతిగా కోస్తే మనిషివే పోతాయి. ఈ రెంటికీ మధ్య చూసుకుని కోయించడమే ఆమె ఉద్యోగం.

ఆ రాత్రి భోజనాల దగ్గర చిట్టి ఎదురుగానే కూర్చుంది. ఆపరేషన్ అప్పటికే ఒకసారి జ్వరం పేరుతో వాయిదా పడింది. ఒక్క ఫైలును చూసి నోరు జారితే ఎలా అని కత్తెర మంచినీళ్ళు అందించి ఊరుకుంది.

మంగళవారం పొద్దున అందరికంటే ముందే వచ్చి పందొమ్మిది ఫైళ్ళనూ వరసగా నడిపించింది. పదిన్నరకు ఆఖరిది పూర్తయింది. పందొమ్మిదిలో ఒక్కదానిలోనూ లోపం లేదు.

సంతోషించాల్సిన మాటే. కానీ ఆమె బుర్రలో వేరే పురుగు తొలుస్తోంది. తను ఏమీ మార్చలేదు. అదే ఫైలు, అదే ప్రోగ్రాము. మరి అప్పుడున్న లోపం ఇప్పుడెలా పోయింది? తను మార్చకపోతే ఇంకెవరో మార్చి ఉండాలి.

ప్రోగ్రాములో ఎవరు ఏ రోజు ఏం మార్చారో దానంతట అదే నమోదవుతుంది. తెరిచి చూసింది. అంతా కలిపి ఒకే ఒక్క లైను. కత్తిరించవలసిన తోక ఏదో చెప్పే లైను. పాత అడాప్టరు అక్షరాలు కొట్టేసి కొత్తవి రాశారు. పక్కన ‘చిన్న సవరణ’ అని రెండు ముక్కలు. తేదీ చూస్తే సరిగ్గా ఐదు వారాల కిందటిది. చేసింది ల్యాబు పెద్ద, మాస్టారు.

అప్పుడు అంతా అద్దంలో చూసినట్టు కనబడింది. పద్నాలుగు వారాల కిందట ల్యాబు ఈ తోకలు అంటించే కిట్టు మార్చింది. కొత్త కంపెనీ, కొత్త తోక. ప్రోగ్రాము మాత్రం పాత తోకకోసమే వెతుకుతూ కూర్చుంది. దొరకలేదు కనుక కోయలేదు. ఆ లోపం కోసం చూసే జన్యువులో ఒక చోట ముక్కలన్నీ ఒకే దగ్గర తెగుతాయి కాబట్టి, కోయని తోక కూడా అందరిలోనూ ఒకే చోట అతుక్కుని లోపంలా నటించింది.

నిజానికి అది గుట్టుగా జరిగినది కూడా కాదు. ప్రతి సోమవారం కత్తిరింపు పూర్తయ్యాక నూటికి ఎన్ని ముక్కల్లో తోక దొరికిందో ప్రోగ్రాము పట్టిక వేసి చూపిస్తుంది. ఎప్పుడూ ముప్ఫై పైచిలుకు ఉండే అంకె ఆ తొమ్మిది వారాలూ అర దాటలేదు. ప్రతి పట్టిక కిందా ‘చూశాను’ అన్న గడిలో ఆమె టిక్కు పెట్టి ఉంది. తొమ్మిది సోమవారాలు, తొమ్మిది టిక్కులు. ఆమె చూడలేదు. టీ తాగుతూ, ఫోను మాట్లాడుతూ, వేలితో నొక్కేసింది. ఇప్పుడా గడిని చూస్తుంటే తన చేతిని తనే తాకబుద్ధి కాలేదు.

పందొమ్మిది మంది పేర్లూ ఫోను నంబర్లూ ఒక కాగితం మీదికి తీసుకుంది. ఎవరి గతి ఏమైందో కంప్యూటరులో చూడడం మొదలుపెట్టింది. తొమ్మిదో పేరు దగ్గర ఆగిపోయింది. ఆ పేరు ఎదురుగా ‘తీసిన అవయవం పరీక్షకు అందింది’ అని ఉంది. నాలుగు వారాల కిందటి తేదీ.

ఆపరేషన్లలో తీసినవి ఈ భవనంలోనే కింది అంతస్తుకు వస్తాయి. ఆమె మెట్లు దిగింది. ఆ గది తలుపు తీయగానే ఫార్మలిన్ ఘాటు కళ్ళలో కొట్టింది. ఇనుప అరల మీద ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో దానికీ నంబరు చీటీ. తొమ్మిదో పేరు నంబరున్న డబ్బా రెండో అరలో ఉంది. లోపల మబ్బుపట్టిన నీళ్ళలో, ఉడికిన తోలు రంగులో, ముడుచుకుపోయిన సంచి. పరీక్షకోసం దాన్ని నిలువునా కోసి చదును చేశారు. చీటీ కింద ఒక వాక్యం రాసి ఉంది. ‘ఎక్కడా వ్యాధి లక్షణాలు లేవు. ఆరోగ్యవంతమైన అవయవం.’

కత్తెర సింకు దగ్గరికి వెళ్ళి నిలబడింది. నోట్లో చేదు నీళ్ళు ఊరాయి, ఉమ్మేసింది. ఇది వచ్చింది నాలుగు వారాల కిందట. మాస్టారు లైను మార్చింది ఐదు వారాల కిందట. మధ్యలో ఏడు రోజులు. ఒక్క ఫోనుకు ఏడు రోజులు చాలవా?

మాస్టారు అరవై దగ్గర పడిన మనిషి, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. కత్తెరకు ఈ పని నేర్పిందే ఆయన. ఆమె వెళ్ళేసరికి తన గదిలో కమలాపండు ఒలుచుకుంటున్నాడు. బల్ల మీద ఎవరిదో రిపోర్టు ప్రింటు పరిచి, తొక్కలు అందులో వేస్తున్నాడు. గింజలు పెదవుల మీదికి తెచ్చి అదే కాగితం మీదికి ఊస్తున్నాడు. రసం అంటిన వేళ్ళు ఆ కాగితం అంచుకే తుడిచాడు.

“రా అమ్మా, కూర్చో. ఒక తొన తీసుకో.”

“వద్దండి.” ఆమె తలుపు మూసింది. “మాస్టారూ, ఐదు వారాల కిందట మీరు ప్రోగ్రాములో ఒక లైను మార్చారు.”

“మార్చి ఉంటాను. ఎన్నో మారుస్తుంటాం.”

“అడాప్టరు లైను.”

ఆయన నములుతున్నది ఆపలేదు. “కిట్టు మారింది కదా. సరిచేశాను.”

“కిట్టు మారింది పద్నాలుగు వారాల కిందట. మధ్యలో తొమ్మిది వారాలు తప్పుగా కోశాం. ఆ తొమ్మిది వారాల రిపోర్టులు మళ్ళీ చూశారా?”

“చూడాల్సిన పని పడలేదు.”

“పందొమ్మిది మందికి లేని లోపం ఉందని రాసిచ్చాం.”

“అందరికీ కాకపోవచ్చు.”

“అందరికీనండి. ఇవాళ పొద్దున అన్నీ నడిపించాను. ఒక్కరికీ లేదు.”

ఇంకో తొన విడదీస్తున్న ఆయన వేళ్ళు అక్కడే ఆగాయి. దొంగకు తేలు కుట్టినట్టు ఆయన ముఖం ఒక్క క్షణం మెలితిరిగి, మళ్ళీ మామూలైంది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“నిన్నెవరు నడిపించమన్నారు?”

ఆ ప్రశ్న విన్నాక ఆమెకు మిగిలిన కాస్త అనుమానమూ పోయింది. తెలియని మనిషైతే ముందు అడిగేది అది కాదు.

“లోపం కనబడితే రెండో పద్ధతిలో సరిచూసి గానీ రిపోర్టు ఇవ్వకూడదని మీరే నియమం పెట్టారు,” అంది. “ఆ పద్ధతికి వాడే యంత్రం చెడిపోయి నాలుగు నెలలైంది. పందొమ్మిది రిపోర్టుల మీదా ‘సరిచూశాం’ అని మీ సంతకం ఉంది. ఏం పెట్టి సరిచూశారండీ?”

“డాక్టర్లు తొందరపెట్టారు. నీకు తెలియనిదేముంది.”

“కోసే ముందు ఏం కోస్తున్నామో తెలియాలి, కోశాక ఎంత కోశామో చూడాలి. మొదటి రోజు మీరు నాతో అన్న మాట ఇదే.”

“చూడాల్సింది నువ్వు,” అన్నాడు మెత్తగా. “పట్టిక కింద టిక్కులన్నీ నీవే. అంకె ముప్ఫై నుంచి అరకు పడిపోతే కనబడలేదా? తోక దొరకలేదంటే తోక లేదని కాదు, మనం వేరేదాన్ని వెతుకుతున్నామని. అదీ నేనే చెప్పాను నీకు.”

ఆయన అన్నది నిజం. నిజం కనకనే ఆమెకు మరింత రోత పుట్టింది. అంత బాగా నేర్పిన నోటితోనే, ఆ పాఠాన్ని ఇప్పుడు తనకు అడ్డంగా పెట్టుకుంటున్నాడు.

“నా తప్పు నేను ఒప్పుకుంటాను. రాసిస్తాను. కానీ నేను చూడక వదిలేశాను. మీరు చూసి వదిలేశారు.”

ఆయన తొక్కల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. తర్వాత ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

“చూడమ్మా. వచ్చే నెల ల్యాబు గుర్తింపు కోసం తనిఖీ. ఇప్పుడు ఈ సంగతి పొక్కితే ల్యాబు మూసేస్తారు. నలభై మంది వీధిన పడతారు. తనిఖీ కానివ్వు. అయ్యాక అందరికీ మర్యాదగా ఉత్తరాలు రాద్దాం. మరింత మెరుగైన పద్ధతి వచ్చింది, ఒకసారి ఉచితంగా మళ్ళీ పరీక్ష చేయించుకోండి అని. తప్పు మాట ఎత్తకుండానే తప్పు దిద్దుకోవచ్చు.”

“ఈలోపు ఆపరేషన్లు?”

“ఎవరూ అంత తొందరగా చేయించుకోరు. ఆలోచిస్తారు, భయపడతారు, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఇన్ని వారాల్లో అయింది ఒక్కామెకేగా.”

ఒక్కామెకేగా. ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఇందాక గింజ ఊసినంత తేలిగ్గా అన్నాడు. కత్తెర ఆయన పెదవుల వైపు చూసింది. కింది పెదవి మీద పండు పీచు ఒకటి అంటుకుని ఉంది. పదకొండేళ్ళు ఈ మనిషికి ఎదురైనప్పుడల్లా లేచి నిలబడ్డాననీ, తన పెళ్ళికి ఆయన వచ్చి అక్షింతలు వేస్తే పొంగిపోయాననీ గుర్తొచ్చి, ఒళ్ళంతా ఏదో పాకినట్టయింది.

“ఆ ఒక్కామెది కింద డబ్బాలో ఉంది. చూశారా?”

“చూశాను.”

“ఏం రాశారో చదివారా?”

“ఆరోగ్యంగా ఉందని రాశారు. మంచిదేగా. ఆవిడకు ఇక ఆ జబ్బు ఎప్పటికీ రాదు.”

ఆ ఆపరేషన్ తర్వాత మనిషి ఎలా తింటుందో కత్తెరకు తెలుసు. చిట్టికోసం అన్నీ చదివింది. ఒక పూట భోజనం ఆరు పూటలుగా తినాలి. చెంచా ఎక్కువైతే చెమటలు పట్టి పడిపోతారు. నీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి. బతికినంత కాలం.

“మీరు మనిషేనా మాస్టారూ?” అంది చివరికి. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అంది.

ఆయనకు ఆ మాట తగిలింది. ముఖం ఎర్రబడింది. “నీకేం నష్టం జరిగిందని ఇంత రభస? నీకు రావలసిన నష్టం రాకుండా చూశానా లేదా? అందుకైనా విశ్వాసం ఉండొద్దా?”

ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు తెలియలేదు. ఉద్యోగం గురించి అంటున్నాడనుకుంది. అడగాలని కూడా అనిపించలేదు. ఆ గదిలో ఇంకో నిమిషం ఉంటే ఆ కమలాపండు వాసన బట్టలకు పట్టేస్తుందనిపించింది.

“నేను ఫోన్లు చేస్తున్నానండి. పందొమ్మిది మందికీ.”

“చేస్తే నీ మెడకే చుట్టుకుంటుంది. ఆలోచించుకో.”

ఆమె తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది.

కాగితాలు నిల్వచేసే చిన్న గదిలోకి వెళ్ళి, అట్టపెట్టెల మధ్య నిలబడి ఫోను తీసింది. చేతిలో పందొమ్మిది నంబర్ల జాబితా ఉంది. వేలు మాత్రం చిట్టి నంబరు మీదికి పోయింది. పందొమ్మిది మందిలో ముందు మా ఇంటిమనిషేనా అని తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా నొక్కింది.

“చెప్పు వదినా.” చిట్టి వెనక కుక్కర్ కూస్తోంది.

“చిట్టీ, ఒక మాట చెప్తాను, కూర్చుని విను. నీ రిపోర్టు తప్పు. నీకు ఆ లోపం లేదు. ఆపరేషన్ అక్కర్లేదు.”

ఏడుస్తుందనుకుంది. అటువైపు చిట్టి స్టవ్ కట్టేసిన చప్పుడు వినబడింది. తర్వాత, కాస్త తడబడుతూ, “ఇప్పుడు ఫోనులో మాట్లాడుకోవచ్చా మరి?” అంది.

“అంటే?”

“అదే వదినా. ఇంట్లో కూడా ఎత్తొద్దన్నారు కదా. నీ ఉద్యోగానికి ముప్పు వస్తుందని.”

“ఎవరన్నారు?”

“మీ మాస్టారుగారు. నెల దాటింది. ఫోను చేసి, రిపోర్టు సరిగ్గా రాలేదు, జ్వరమనో ఏదో చెప్పి వాయిదా వేయించుకో, మీ వదినే చెప్పమంది, తను చెప్తే బాగుండదని నాతో చెప్పిస్తోంది అన్నారు. నువ్వే చెప్పించావనుకున్నాను.” చిట్టి గొంతు సన్నబడింది. “నువ్వు చెప్పించలేదా?”

నెల కిందట ఓ పొద్దున వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే చిట్టి వెనకనుంచి వచ్చి, నడుం చుట్టూ చేతులు వేసి, వీపుకు చెంప ఆనించి చాలాసేపు నిలబడిపోయింది. పాపం భయపడుతోందనుకుని తన కళ్ళు చెమర్చాయి. అది భయం కాదన్నమాట. కృతజ్ఞత. తను చేయని ఉపకారానికి, తనకు తెలియని నేరానికి.

“వాయిదా వేయించుకున్నాక నీకు ఇంకెవరైనా గుర్తొచ్చారా చిట్టీ? నీలాంటివాళ్ళు ఇంకా ఉంటారని?”

“అడిగాను వదినా. మిగతావాళ్ళ సంగతి మీ వదినా నేనూ చూసుకుంటాం అన్నారు. నువ్వు ఉన్నావు కదా అనుకున్నాను.”

కత్తెర ఫోను పెట్టేసింది. నష్టం రాకుండా చూశానన్న మాటకు అర్థం ఇప్పుడు తెలిసింది. ఆయన అందరిలోకీ ఆమె ఇంటిమనిషిని ఒక్కదాన్నే ఏరి, పక్కకు తీశాడు. జాలితో కాదు. రేపెప్పుడైనా ఆమె నోరు విప్పితే లోకం అడిగే మొదటి ప్రశ్న సిద్ధంగా ఉంచుకోవడానికి. మీ ఆడపడుచు మాత్రం ఎలా తప్పించుకుంది? తనకేమీ తెలియదంటే ఎవరు నమ్ముతారు? తన భర్తే నమ్ముతాడా?

కాసేపు అట్టపెట్టె మీద కూర్చుంది. జాబితాను చింపి ముక్కలు చేసి అందులోనే కుక్కేసి, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిపోవచ్చు. మాస్టారు చెప్పినట్టు వచ్చే నెల ఉత్తరాలు రాయవచ్చు. తన బుర్రలోకి ఆ ఆలోచన రావడం, వచ్చి ఒక పూర్తి నిమిషం పాటు హాయిగా కూర్చోవడం ఆమె గమనించింది. కింద డబ్బా చూసినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు.

లేచి, తొమ్మిదో నంబరు కలిపింది. అప్పుడే గమనించింది, పదో పేరుకు కూడా అదే ఇంటిపేరు, అదే చిరునామా.

చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. “ఎవరండీ?” నడివయసు ఆడమనిషి గొంతు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటోంది.

“మీ డీఎన్ఏ పరీక్ష చేసిన ల్యాబు నుంచి మాట్లాడుతున్నానండి.”

“ఇప్పుడు కాదమ్మా, తర్వాత చేయండి. హాస్పిటల్లో ఉన్నాను. మా చెల్లెలికి ఇవాళే ఆపరేషన్. నాకు చేసినదే. స్ట్రెచర్ మీద తీసుకెళ్తున్నారు, నేను పక్కన నడవాలి, పెట్టేస్తాను.”

“పెట్టేయకండి.” కత్తెర గొంతు పెళుసుగా వచ్చింది. “ఆ స్ట్రెచర్ ఆపమనండి. మీ చెల్లెలికి ఆ లోపం లేదు. ఆపరేషన్ అక్కర్లేదు. రిపోర్టు తప్పు.”

“మీరెవరు ఆ మాట చెప్పడానికి?”

“ఆ పట్టిక కింద ‘చూశాను’ అని టిక్కు పెట్టినదాన్ని. చూడకుండానే పెట్టాను. దయచేసి ఆపమనండి, తర్వాత నన్నేమైనా అనండి.”

అటువైపు ఎవరితోనో హడావిడిగా ఏదో అన్నట్టు వినబడింది. చక్రాల చప్పుడు కొంతదూరం సాగి, ఆగిపోయింది. ఆవిడే ఆపించిందో, అప్పటికే థియేటరు తలుపు దాటిపోయిందో కత్తెరకు తెలియలేదు. ఫోనులో ఆ బరువైన ఊపిరి మాత్రం మళ్ళీ దగ్గరకొచ్చింది.

“మా చెల్లెలికి లేదంటున్నారు,” అంది ఆవిడ నెమ్మదిగా. “మరి నాకు?”